స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆపేసిన నాన్న

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నకు 63 ఏళ్లు. చిన్నతనంలో ఉబ్బసం ఉండేదట. ఇరవయ్యో ఏడు వచ్చేసరికి తగ్గిపోయింది. ఆ తర్వాత సిగరెట్ అలవాటైంది. రోజుకో ప్యాకెట్ చొప్పున 30 ఏళ్లకు పైగా కాల్చి, నాలుగేళ్ల కిందట పూర్తిగా మానేశారు. ఇప్పుడు ఒక అంతస్తు మెట్లెక్కితే ఆయాసం. తెల్లవారుజామున పిల్లికూతలు, పొద్దున లేవగానే కఫం. మొదట చూపించిన డాక్టర్ ఆస్తమా అన్నారు. రెండో ఆయన ఊదే పరీక్ష చేయించి సీఓపీడీ, అంటే ఎక్కువగా పొగ వల్ల ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు అన్నారు. ఈమధ్య చూపించిన మూడో డాక్టర్ రెండూ కలిసి ఉన్నాయని చెప్పి, స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ రాశారు. స్టెరాయిడ్ వాడితే సీఓపీడీ వాళ్లకు నిమోనియా వస్తుందని ఎవరో అనడంతో నాన్న రెండు నెలల కిందట దాన్ని ఆపేసి, అంతకుముందు వాడిన స్టెరాయిడ్ లేని ఇన్‌హేలర్‌కే మళ్లీ మారిపోయారు. ఆయాసం వచ్చినప్పుడు నీలం రంగు ఇన్‌హేలర్ పీల్చుకుంటారు, రోజుకు ఆరేడు పఫ్‌లు అవుతున్నాయి. పోయిన ఏడాది రెండుసార్లు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం, రెండుసార్లూ స్టెరాయిడ్ మాత్రలు రాశారు. మా అన్నయ్య "కాల్చినన్నాళ్లూ కాల్చావు, ఇప్పుడు అనుభవించు" అంటాడు. నాన్న ఏమీ మాట్లాడరు. ముగ్గురు డాక్టర్లలో ఎవరి మాట నిజం? ఆ ఇన్‌హేలర్ ఆపేయడం మంచిదేనా?
ఒక కూతురు

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అది ఆగే విషయం కాదు. ఆపేయడం మంచిది కాదు. ఉబ్బసం ఉన్న మనిషి స్టెరాయిడ్ లేకుండా, ఊపిరి గొట్టాలను వెడల్పు చేసే మందు ఒక్కదాన్నే రోజూ పీల్చుకుంటూ ఉండకూడదు. మీ నాన్నగారు రెండు నెలలుగా చేస్తున్నది సరిగ్గా అదే.

ఇవాళే ఆ మూడో డాక్టర్‌కి ఫోన్ చేయండి. "స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రెండు నెలలుగా ఆపేశారు, నీలం రంగుది రోజుకు ఆరేడు పఫ్‌లు పడుతోంది" అని ఈ రెండు ముక్కలూ ముందు చెప్పండి. వెంటనే మొదలుపెట్టమంటారనే నా నమ్మకం. ఫోన్ చేసేటప్పుడు ఇంట్లో ఉన్న ఇన్‌హేలర్లన్నీ దగ్గర పెట్టుకుని, వాటి మీద రాసున్న మందుల పేర్లు అక్షరం పొల్లుపోకుండా చదవండి. ఎందుకంటే, స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్లో చాలావరకు గొట్టాలను వెడల్పు చేసే మందు కూడా ఉంటుంది. పాత ఇన్‌హేలర్లోనూ అదే ఉండి, రెండూ కలిపి వాడేస్తే ఒకే మందు రెండింతలు పడుతుంది, గుండె దడ, చేతుల వణుకు మొదలవుతాయి. పాతది పూర్తిగా పక్కన పెట్టాలా, దానితో పాటు కొనసాగించాలా అన్నది దాని పేరు చూస్తే గానీ చెప్పలేం. మీరు ఉత్తరంలో ఆ పేరు రాయలేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆస్తమాలో అసలు జబ్బు గొట్టాల లోపలి పొరకు వచ్చే వాపు. గొట్టం చుట్టూ ఉండే కండరం బిగుసుకోవడం ఆ వాపు వల్లే. వెడల్పు చేసే మందు కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. వాపు జోలికి పోదు. అందుకని మనిషికి తేలిగ్గా ఉన్నట్టే ఉంటుంది, లోపల మాత్రం పొర ఉబ్బుతూనే ఉంటుంది. ఒకరోజు జలుబు చేస్తుంది, లేదా దుమ్ము, ఘాటైన వాసన తగులుతుంది. అప్పటికి గొట్టంలో మిగిలిన సందు చాలా సన్నం. అమెరికాలో 26 వేల మందికి పైగా ఆస్తమా రోగులను 28 వారాల పాటు గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2006లో అచ్చయింది. వాళ్లు మామూలుగా వాడే మందులకు తోడు, సగం మందికి ఎక్కువసేపు పనిచేసే సాల్మెటరాల్ అనే వెడల్పు చేసే మందు ఇచ్చారు, మిగతా సగానికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఆస్తమాతో చనిపోయినవాళ్లు మొదటి గుంపులో 13 మంది, రెండో గుంపులో ముగ్గురు. సంఖ్యలు చిన్నవే. కానీ ఆస్తమాకు ఆ మందును స్టెరాయిడ్ తోడు లేకుండా ఇవ్వకూడదన్న నియమం గట్టిపడటానికి ఆ తేడా చాలింది.

సీఓపీడీ ఒక్కటే ఉన్నవాళ్లకు లెక్క వేరు. వాళ్లలో చాలామందికి వెడల్పు చేసే మందులతోనే మొదలుపెడతాం, స్టెరాయిడ్ అవసరమైతేనే కలుపుతాం. మీ నాన్నగారికి చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. ఒక జబ్బుకు సరిపోయే మాటను రెండు జబ్బులున్న మనిషికి చెప్పారు.

ఇక ముగ్గురు డాక్టర్లలో ఎవరు నిజం అన్న ప్రశ్న. ముగ్గురూ తప్పు చూడలేదు, ఎవరి ముందు ఏది కనిపిస్తే అది చూశారు. మొదటి ఆయన చిన్ననాటి ఉబ్బసం గురించి, తెల్లవారుజామున వచ్చే పిల్లికూతల గురించి విన్నారు. అవి ఆస్తమా గుర్తులే. రెండో ఆయన ముప్ఫై ఏళ్ల పొగను, ఊదే పరీక్షలో వచ్చిన అంకెను చూశారు. అది సీఓపీడీ గుర్తే. మూడో ఆయన రెండింటినీ ఒకచోట పెట్టి చూశారు. నాకైతే ఆయన మాటే సబబుగా అనిపిస్తోంది.

ఆ ఊదే పరీక్ష రిపోర్టు మీ దగ్గర ఉంటే బయటికి తీయండి. పరీక్ష గదిలో జరిగేది చూస్తే అందులోని అంకెలు సులువుగా అర్థమవుతాయి. ముక్కుకు క్లిప్పు పెడతారు, గొట్టం పెదాల మధ్య బిగించి పట్టుకోమంటారు. "నిండా పీల్చండి, ఒక్కసారిగా ఊదండి, ఆపొద్దు, ఇంకా, ఇంకా, ఇంకా" అని టెక్నీషియన్ పక్కనే నిలబడి చెబుతూనే ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిండా పీల్చిన గాలిలో సుమారు నాలుగింట మూడు వంతులు మొదటి సెకనులోనే బయటికొచ్చేస్తుంది. సీఓపీడీ ఉన్నవాళ్లకు ముఖం ఎర్రబడుతుంది, మెడ నరాలు తేలతాయి, అయినా గాలి సన్నటి ధారలా వస్తూనే ఉంటుంది, అయిపోదు. ఆ తర్వాత నాలుగు పఫ్‌ల మందు ఇచ్చి, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తారు. ఈ రెండోసారి వచ్చిన వరుసే ముఖ్యం. మందు తర్వాత కూడా మొదటి సెకను గాలి మొత్తంలో 0.70 కంటే తక్కువగా ఉండిపోతే, గొట్టాల్లో ఎప్పటికీ పూర్తిగా తెరుచుకోని ఇరుకు ఉందని అర్థం. అది సీఓపీడీ వైపు. మందు తర్వాత మొదటి సెకను గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు దాటి పెరిగితే, వదులయ్యే ఇరుకు కూడా ఉందని అర్థం. ఈ పెరుగుదల సీఓపీడీ ఒక్కటే ఉన్నవాళ్లలోనూ కొందరికి కనిపిస్తుంది. 400 మిల్లీలీటర్లు దాటితే మాత్రం ఆస్తమా ఉందన్న అనుమానం బలపడుతుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లలో గొట్టాలు కొంత తెరుచుకుంటాయి, కానీ పూర్తిగా మామూలు స్థితికి రావు.

ఇంకో చిన్న రక్తపరీక్ష ఉంది. తెల్ల రక్తకణాల్లో ఇయోసినోఫిల్ అనే రకం ఎంత ఉందో చూస్తారు. మైక్రోలీటరుకు 300, అంతకు మించి ఉంటే స్టెరాయిడ్ బాగా పనిచేసే రకం వాపు అని ఒక సూచన. స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్న రోజుల్లో ఈ అంకె పడిపోతుంది కాబట్టి ఎమర్జెన్సీలో చేసిన పరీక్షను పట్టుకుని తేల్చేయకూడదు. బాగున్న రోజుల్లో చేయించినదే చూడాలి.

"రెండూ ఉండటం అనే జబ్బు నిజంగా ఉందా, పేరు ఏమిటి" అని నన్ను చాలామంది అడుగుతారు. డాక్టర్ల మధ్యే ఈ పేరు మీద ఏకాభిప్రాయం లేదు. ఈ రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన రూపాలేమో అని 1961లోనే నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొందరు వైద్యులు వాదించారు. ఆస్తమాకు మార్గదర్శకాలు రాసే గీనా, సీఓపీడీకి రాసే గోల్డ్ అనే రెండు అంతర్జాతీయ బృందాలు 2014లో కలిసి కూర్చుని, ఈ కలయికకు 'ఆస్తమా-సీఓపీడీ ఓవర్‌ల్యాప్ సిండ్రోమ్' అని పేరు పెట్టాయి. ఇదొక ప్రత్యేకమైన జబ్బు అనుకునే ప్రమాదం ఉందని తర్వాత ఆ సిండ్రోమ్ అన్న మాటను తీసేశారు. 2020లో గోల్డ్ ఆ పేరునే వదిలేసి, ఇవి రెండు వేరు జబ్బులు, ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చు అంది. మీరు పేరు గురించి టెన్షన్ పడొద్దు. పేరు మారినా ఒక్క విషయంలో ఎవరికీ తేడా లేదు: ఆస్తమా లక్షణాలు ఉంటే, పక్కన సీఓపీడీ ఉన్నా సరే, పీల్చే స్టెరాయిడ్ ఉండి తీరాలి.

నిమోనియా భయం మాత్రం ఉత్త పుకారు కాదు. 2007లో వెలువడిన ఒక పెద్ద సీఓపీడీ అధ్యయనంలో మూడేళ్లలో నిమోనియా వచ్చినవాళ్లు, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో సుమారు 12 శాతం, స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ వాడినవాళ్లలో సుమారు 20 శాతం. ఇది కొట్టిపారేయాల్సిన తేడా కాదు. అయితే అందులో వాడింది ఎక్కువ డోసు. ఆస్తమా ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చుకోనే లేదు. కెనడాలోని ఒంటారియోలో 66 ఏళ్లు దాటిన సీఓపీడీ రోగుల రికార్డులు పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వెడల్పు చేసే మందు ఒక్కటే వాడినవాళ్ల కంటే స్టెరాయిడ్ కూడా కలిపి వాడినవాళ్లలో మరణాలు, సీఓపీడీతో ఆస్పత్రిలో చేరడాలు కాస్త తక్కువగా కనిపించాయి. ఆస్తమా కూడా ఉన్నవాళ్లలో ఆ మేలు ఇంకా ఎక్కువ. కాబట్టి మీరు డాక్టర్‌ని అడగాల్సింది "ఆపేయమంటారా" అని కాదు, "ఎంత తక్కువ డోసుతో నిలబడగలరు" అని. జ్వరం, కఫం రంగు మారడం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించండి. పఫ్ తీసుకున్న ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి. దానివల్ల నిమోనియా ఆగదు గానీ నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు రాకుండా ఉంటాయి.

స్టెరాయిడ్ అంటే భయపడి ఇన్‌హేలర్ మానేసినవాళ్లు ఎక్కువ స్టెరాయిడ్ మింగడం నేను ఏళ్లుగా చూస్తున్నాను. నాకు బాధగా ఉండేది అక్కడే. ఎమర్జెన్సీలో రాసే మాత్రల డోసు సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఇన్‌హేలర్లో రోజు మొత్తానికి కొన్ని వందల మైక్రోగ్రాములు మాత్రమే. మందులు వేరు కాబట్టి సూటిగా పోల్చలేం, కానీ ఒకటి ఒళ్లంతా తిరుగుతుంది, రెండోది ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. మొత్తం జీవితంలో నాలుగైదు మాత్రల కోర్సులు అయినా ఎముకలు పలచబడటం, షుగర్, కంట్లో శుక్లాల ముప్పు పెరుగుతుంది. మీ నాన్నగారికి ఒక్క ఏడాదిలోనే రెండు అయ్యాయి.

నీలం రంగు ఇన్‌హేలర్ లెక్క కూడా వేద్దాం. మామూలుగా ఒక డబ్బాలో 200 పఫ్‌లు ఉంటాయి. రోజుకు ఏడు చొప్పున నెల తిరక్కుండానే అయిపోతుంది. అంటే ఏడాదికి పన్నెండు డబ్బాల పైనే. ఆస్తమా ఉన్నవాళ్లలో ఏడాదికి మూడు డబ్బాలు అయితేనే ఎటాక్ ముప్పు పెరిగిందని గుర్తించాలి, పన్నెండు అంటే ప్రాణాపాయం ఉన్నవాళ్ల జాబితాలో ఉన్నట్టు. ఆ పఫ్‌లు తీసుకోవద్దని అనడం లేదు. ఆయాసం వచ్చినప్పుడు తీసుకోవాల్సిందే, దాచిపెట్టకండి. కానీ ఎన్ని పడుతున్నాయో ఒక కాగితం మీద రోజూ గీతలు గీయండి. స్టెరాయిడ్ మళ్లీ మొదలయ్యాక ఆ గీతలు వారం వారం తగ్గాలి. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాల్సిన మొదటి కాగితం అదే.

తగ్గకపోవడానికి నేను మొదట అనుమానించేది మందును కాదు, పీల్చే పద్ధతిని. ఒక పెద్దాయన ఆరేళ్లుగా ఇన్‌హేలర్ వాడుతున్నానని, ఏమీ గుణం లేదని వచ్చారు. నా ముందే ఒకసారి వాడి చూపించమన్నాను. డబ్బా ఊపలేదు. నోరు తెరిచారు, డబ్బా నొక్కారు, ఆ తర్వాత పీల్చారు. తెల్లటి పొగ పెదాల మూల నుంచి బయటికి వచ్చేసింది. ఆరేళ్ల మందు నాలుక మీదా గాలిలోనూ పోయింది. ఆయనకు అప్పటిదాకా ఎవరూ పక్కన కూర్చుని నేర్పలేదు. మందు మార్చకుండా, స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి పద్ధతి నేర్పాను. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు మెట్లు ఎక్కి వచ్చారు.

స్ప్రేలా వచ్చే ఇన్‌హేలర్‌ని ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి, నాలుగైదు సెకన్ల పాటు లోతుగా పీల్చాలి. పొడి ఉండే రకమైతే పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం: గట్టిగా, వేగంగా లాగాలి. రెండింటికీ చివర్లో పది సెకన్లు, లేదా ఉండగలిగినంతసేపు ఊపిరి బిగపట్టాలి. ఒకే ఇంట్లో రెండు రకాలూ ఉంటే ముసలివాళ్లే కాదు, ఎవరైనా తికమకపడతారు. వీలైతే అన్నీ ఒకే రకంలో రాయమని డాక్టర్‌ని అడగండి. ఈసారి వెళ్లినప్పుడు మీ నాన్నగారు డాక్టర్ ముందు ఒకసారి పీల్చి చూపించాలి. అడగకపోయినా చూపించమనండి.

ఆయన వాడే మిగతా మందులన్నీ కూడా తీసుకెళ్లండి. బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్లలో ప్రొప్రనొలాల్ లాంటివి ఆస్తమా ఉన్నవాళ్ల గొట్టాలను బిగించేస్తాయి. కంట్లో నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలూ అంతే. కంటి చుక్కలు ఊపిరికి అడ్డుపడతాయని ఎవరికీ తట్టదు కాబట్టే ప్రత్యేకంగా రాస్తున్నాను. కొందరికి ఆస్పిరిన్, నొప్పి మాత్రలు పడవు. వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపకండి, ముఖ్యంగా గుండె మందులు. రాసిన డాక్టర్‌కి చెప్పి మార్పించండి.

ఫ్లూ టీకా ఏటా, న్యుమోకోకల్ టీకా డాక్టర్ చెప్పిన ప్రకారం వేయించండి. నిమోనియా భయానికి అసలైన జవాబుల్లో ఇది ఒకటి. ఊపిరితిత్తుల వ్యాయామ శిక్షణ దగ్గర్లో ఎక్కడైనా ఇస్తుంటే తప్పకుండా చేర్పించండి. మందులతో తగ్గని ఆయాసం కూడా కాళ్ల కండరాలు బలపడితే తగ్గుతుంది. మెట్ల మీద ఆయాసం వచ్చినప్పుడు ముందుకు కొద్దిగా వంగి, చేతులు రెయిలింగ్ మీద ఆనించి, ముక్కుతో పీల్చి, దీపం ఆర్పకుండా మంటను కదిలించినట్టు పెదాలు సున్నా చుట్టి మెల్లగా వదలమనండి.

ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, మగతగా ఉండటం, పఫ్ తీసుకున్నా ఊరట రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో చూసుకుందాంలే అనుకోకండి. మళ్లీ ఎమర్జెన్సీకి వెళ్లాల్సి వస్తే అక్కడివాళ్లకు సీఓపీడీ కూడా ఉందని చెప్పండి. ఇలాంటివాళ్లకు రక్తంలో ఆక్సిజన్ స్థాయి సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య నిలిచేలా ఆక్సిజన్ ఇస్తారు. అంతకు మించి పెడితే కొందరిలో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు వస్తుంది. అదే కారణంగా ఇంట్లో సొంతంగా సిలిండర్ తెచ్చి పెట్టకండి.

మీ అన్నయ్యకు ఈ పేరా చదివి వినిపించండి. చిన్నతనంలో ఉబ్బసం ఎక్కువకాలం ఉన్న పిల్లల్లో కొందరికి ఊపిరితిత్తులు పూర్తి సామర్థ్యానికి ఎదగవు. వాళ్లు పెద్దయ్యేసరికే మిగతావాళ్ల కంటే వెనకబడి ఉంటారు. మీ నాన్నగారి జబ్బు మొదటి సిగరెట్ కంటే ముందే మొదలై ఉండొచ్చు. పొగ దాన్ని పెంచింది, అందులో అనుమానం లేదు. కానీ ముప్ఫై ఏళ్ల అలవాటును ఆయన మానేశారు. ఊపిరితిత్తులు వేగంగా క్షీణించడాన్ని నెమ్మదింపజేసే పనుల్లో పొగ మానడం కంటే బలమైనది లేదు. పొగ తాగేవాళ్లలో పీల్చే స్టెరాయిడ్ సరిగా పనిచేయదు. మానేశారు కాబట్టే ఇప్పుడు ఆ మందు పనిచేసే అవకాశం పెరిగింది. దెప్పిపొడుపులు వినే మనిషి ఆయాసాన్ని దాస్తాడు, పఫ్‌లు చాటుగా తీసుకుంటాడు, డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా వస్తాడు. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

చివరగా ఒక పని. డాక్టర్ మారిన ప్రతిసారీ జబ్బు పేరు కూడా మారిపోతోంది కదా. ఏ చీటీలోనైనా సీఓపీడీ అని మాత్రమే రాసుంటే, రేపు ఇంకో డాక్టర్ దాన్ని చూసి స్టెరాయిడ్ అక్కర్లేదని తీసేయవచ్చు, అది వాళ్ల తప్పు కూడా కాదు. ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్ చేతే ఒక చిన్న కార్డు మీద రాయించండి: ఆస్తమా, సీఓపీడీ రెండూ ఉన్నాయి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆపకూడదు. మందు తర్వాత ఊదిన పరీక్ష అంకె, తేదీ. ఆక్సిజన్ ఎంత వరకు. ఆ కార్డు నాన్నగారి జేబులో ఒకటి, మీ ఫోన్‌లో ఫోటోగా ఒకటి ఉంచండి. మీ అన్నయ్య ఫోన్‌లో కూడా.